గేర్ ఆయిల్‌లో నీళ్లు

పడవ మోటారుకు నీళ్లలో మునిగే కాలి అడుగున ఉన్న స్క్రూ విప్పగానే, నల్లగా రావాల్సిన ఆయిల్ పాలెక్కువైన టీలా వచ్చింది. తమ్ముడు రేకు పళ్లెం మీదికి వంగి, వేలితో కాస్త తీసి, బొటనవేలికి రాసి చూసుకున్నాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా. కాస్త నీళ్లు దిగాయి."

కాస్తట! ఆ మోటారు మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి పడవ వెనక ఉండాలి. నది అవతలి ఒడ్డున ఆసుపత్రి ఉంది. అక్కడి నర్సులను రోజూ దింపి, మళ్లీ తీసుకొచ్చే పని దానికి కొత్తగా దొరికింది. మొదటి రోజే పడవ రాలేదంటే ఆ పని లాక్కోవడానికి రేవులో ఇంకొకడు కాచుక్కూర్చున్నాడు. పడవా మోటారూ నిజానికి తమ్ముడివి. నడుము పట్టేశాక మేనకోడలి చేతిలో పెట్టేశాడు. మా ఆయనకు ఐసు ఫ్యాక్టరీలో ఆదివారమూ డ్యూటీయే. అందుకని అడగాల్సినవన్నీ నేనే అడగాలి.

"నీళ్లు దిగితే ఏమవుతుంది?"

"గేర్లు ఆ ఆయిల్‌లోనే తిరుగుతాయి. నీళ్లు కలిస్తే అరుగుతాయి, తుప్పు పడతాయి."

"తర్వాత?"

"ఏదో ఒకరోజు పట్టేస్తాయి."

ఏదో ఒకరోజంటే నా లెక్కలో రేపే. మా రేవు నుంచి చూస్తే సముద్రం కనబడుతుంది. నీళ్లు వెనక్కి లాగే వేళ నడి నదిలో మోటారు ఆగితే పడవ ఎటు కొట్టుకుపోతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్ల చీరల నర్సులు, మధ్యలో నా కూతురు, నీళ్ల మీద తేలుతున్న టిఫిన్ డబ్బాలు... అన్నీ పెరట్లో నిలబడే చూసేశాను.

"అమ్మ అప్పుడే మమ్మల్ని ముంచేసింది మామయ్యా, మొహం చూడు," అంది అమ్మాయి.

"స్క్రూల కింద వాషర్లు నలిగిపోయాయి. అక్కణ్నుంచే దిగుంటాయి," అన్నాడు తమ్ముడు. "ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తవి వెయ్యాలి. ఏ బుద్ధిలేనివాడు పాతవే బిగించాడో!"

"కిందటిసారి మార్చింది నువ్వే మామయ్యా."

"అందుకే కదా అంత ధైర్యంగా తిడుతున్నా, కెప్టెన్ గారూ."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. లోపలికెళ్లి బియ్యం కడగబోయి, కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగి బయటికొచ్చాను. తమ్ముడు కొత్త ఆయిల్ డబ్బా మూత తీస్తున్నాడు.

"వాషర్లేనని నీకెలా తెలుసు? ఇంకో చోటు నుంచి కారుతుంటే?"

"అక్కా, నువ్వు పోయి పొయ్యి చూసుకో."

"పొయ్యి వెలిగించలేదు. చెప్పు, ఎలా తెలుసు?"

వాడు డబ్బా కింద పెట్టి నా వంక చూశాడు. నేను ఊరుకోనని వాడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. విసుక్కుంటూనే కింది స్క్రూ కొత్త వాషరుతో బిగించి, పై బెజ్జంలో గొట్టం ఒకటి తిప్పి, దాన్ని సైకిల్ పంపుకు తగిలించాడు. ఇద్దరూ కలిసి మోటారు కాలిని నీళ్ల డ్రమ్ములోకి దించారు. ట్యూబు పంచరు చూసే పద్ధతే. నెమ్మదిగా గాలి కొట్టాలట, జోరుగా కొడితే నీళ్లను ఆపే రబ్బరు సీలు బాగున్నా తన్నుకుపోతుందట.

స్క్రూల దగ్గర ఏమీ రాలేదు. "చూశావా?" అనబోయాడు తమ్ముడు. అంతలో నీళ్లలో తిరిగే రెక్కలు ఉంటాయే, మా వాళ్లు ఫ్యాన్ అంటారు, దాని వెనక నుంచి ఒక బుడగ వచ్చింది. దాని వెంట ఇంకొకటి. ఆపైన వరుసగా.

పంపు ఆగిపోయింది.

తమ్ముడు ఫ్యాన్ ఊడదీశాడు. దాని వెనక, ఇరుసు చుట్టూ, పచ్చటి నైలాన్ వల దారం ఉండలా చుట్టుకుని ఉంది. వేడికి కరిగి గాజులా గట్టిపడింది. వాడు బ్లేడుతో కోసి లాగుతుంటే రబ్బరు సీలు ముక్కలు కూడా దాంతో పాటే ఊడొచ్చాయి.

"ఇదెప్పుడు చుట్టుకుంది?"

అమ్మాయి గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది. శుభ్రమైన చేతుల్నే తుడుచుకుంటోంది.

"నిన్నే అడిగేది," అన్నాను.

"మొన్న. నడి నీళ్లలో ఎవరిదో వల మీదికి పోయా. మోటారు ఆగిపోయింది."

"ఆగిపోతే?"

"కాసేపు కొట్టుకుపోయా. వంగి, కత్తితో చేతికందినంత కోశాను. మళ్లీ అంటుకుంది. వచ్చేశా."

మొన్న సాయంత్రం నేను వడ్డిస్తుంటే తలొంచుకుని తింది. ఎలా ఉందే ఇవాళ అంటే, ఏముంటుందమ్మా, నీళ్లూ నేనూ అంది. పడవ అంచున వేలాడి కత్తితో కోసిన చేత్తోనే ముద్దలు కలుపుకుని తింది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెబితే మర్నాడు పడవ ఎక్కనిచ్చేదానివా?"

"నాకైనా చెప్పొచ్చుగా పిల్లా!" అన్నాడు తమ్ముడు. "ఆ పూటే ఫ్యాన్ తీసి ఉంటే సీలు బతికేది."

"నీకు చెబితే అమ్మకు చెప్పినట్టే. ఈ గేరుబాక్సే నయం మామయ్యా, నీ కడుపులో మాట అసలే ఆగదు."

వాడు నవ్వాపుకుంటూ స్కూటరు తీశాడు. ఆదివారం, దుకాణం మూసుంటుంది. దుకాణదారు ఇంటికెళ్లి బతిమాలి సీళ్లు తేవాలి. ఉంటాడో లేదో, ఆ సైజు దొరుకుతుందో లేదో.

అమ్మాయి ఇరుసు గుడ్డతో తుడుస్తూ కూర్చుంది. నేను వీధి గుమ్మానికీ పెరటికీ మధ్య తిరిగాను. మోటారు పక్కన బల్ల మీద ఎర్ర తాడు కనిపించింది. నడిపేవాళ్లు దాన్ని మణికట్టుకు తగిలించుకుంటారు. దాని కొన మోటారుకు గుచ్చితే తప్ప అది అంటుకోదు. అమ్మాయి అటు తిరిగి ఉంది. తాడు తీసి జాకెట్లో దోపుకున్నాను.

ఇక రేపు వెతుక్కోనీ. నర్సులు ఇంకో పడవలో వెళ్తారు. నా పిల్ల ఇంట్లో ఉంటుంది. పది రోజులు మాట్లాడదు, మాట్లాడకపోనీ.

ఊపిరి తేలికవుతుందనుకున్నాను. కాలేదు. వంటింట్లోకెళ్లి గోడకానుకుని నిలబడ్డాను. ఇవాళ తాడు దాస్తాను. రేపు అది ఇంకోటి కొనుక్కుని నా కంటపడకుండా దాచుకుంటుంది. వల దాచింది, కొట్టుకుపోవడం దాచింది, ఇకపై పడవకు చిల్లి పడినా దాస్తుంది. నేను చూడని సీలు లోపలే తెగి, నీళ్లు లోపలికి పోతూనే ఉంటాయి. నా భయానికి భయపడే నా పిల్ల నడి నదిలో ఒంటరిగా కత్తి పట్టుకుంది.

పెరట్లోకొచ్చి తాడు దాని ఒళ్లో పడేశాను.

"ఇంతసేపూ ఎక్కడుంది?"

"నా దగ్గర."

అది తాడు వంకా నా జాకెట్టు వంకా చూసింది. తాడు మణికట్టుకు వేసుకుని ఇరుసు తుడవడంలో పడింది.

తమ్ముడు చీకటి పడకముందే వచ్చాడు. మిగిలిన పాత సీలు ముక్కల్ని ఇరుసుకు గీత పడకుండా ఊడదీసి, కొత్తవాటికి గ్రీజు రాసి, ఒకదాన్ని లోపలికి, ఇంకొకదాన్ని బయటికి ముఖం పెట్టి దిగ్గొట్టాడు. ఒకటి ఆయిల్‌ను బయటికి పోనివ్వదు, ఇంకొకటి నీళ్లను లోపలికి రానివ్వదు. మళ్లీ పంపు, మళ్లీ డ్రమ్ము.

"అదిగో బుడగ!"

"నువ్వు చెయ్యి పెట్టావక్కా. తియ్యి."

"అది?"

"అమ్మా, అది దోమ."

బుడగ రాలేదు. తర్వాత కింది బెజ్జం నుంచి ఆయిల్ ఎక్కించడం మొదలుపెట్టాడు. కింద నుంచి పోయడమేమిట్రా అన్నాను. పైనుంచి పోస్తే లోపల గాలి ఉండిపోతుందట. పై బెజ్జం నుంచి ఆయిల్ పొంగాక ముందు పైది బిగించి, ఆ తర్వాత కిందిది బిగించాడు. రెండింటికీ కొత్త వాషర్లే. నేను దగ్గరుండి చూశాను.

మర్నాడు అది వెళ్లినప్పట్నుంచి సాయంత్రం దాకా నేనేం చేశానో అడగొద్దు. రేవుకు మాత్రం వెళ్లలేదు. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైతే లేవబోయి, ఆగి, కూర్చున్నాను.

అది వచ్చి పీట లాక్కుంది. కంచం పెట్టాను. మొదటి ముద్ద తిన్నాక నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో, చెప్పాలా వద్దా అని.

"అమ్మా, ఇందాక తిరిగొస్తుంటే గాలి లేచింది. ఒక అల పడవలోకి కొట్టింది. నర్సమ్మ ఒకామె కేకలు పెట్టింది."

నోటిదాకా వచ్చిన మాటలన్నిటినీ పళ్ల వెనకే ఆపి, గిన్నెలో గరిటె తిప్పాను.

"ఊఁ," అన్నాను. "తర్వాత ఏం చేశావు?"

అది పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది.