పందొమ్మిది టన్నులు

దిండి వాగు మీద సర్కారు కట్టించే వంతెనకు ఇసుక తోలే గుత్త నాది. మంచి ఇసుక నాలుగు మైళ్ల ఎగువన ఉంది. చెరువు కాలువ ఇసుక పక్కనే ఉంది కాని అందులో ఒండ్రు ఎక్కువ. ఎద్దులు అలిసిపోతున్నాయని నాకు నేనే చెప్పుకొని రెండో స్తంభానికి కాలువ ఇసుక తోలించాను. కలిపిన కాంక్రీటులో ఒండ్రు ఎవరికి కనబడుతుందిలే అని నా లెక్క.

ఆ లెక్కలో నేను మిషనును మరిచాను. స్తంభం పోసిన రోజే అదే కాంక్రీటుతో మూడు దిమ్మెలు పోస్తారు. ఇరవై ఎనిమిది రోజులు తొట్టి నీళ్లలో ఉంచి, మిషనులో పెట్టి నలగ్గొడతారు. ముప్పై టన్నులు మోస్తే స్తంభం ఉంటుంది. మోయకపోతే పగలగొట్టి మళ్లీ పోయాలి, ఆ నష్టం నాది.

రెండో స్తంభం దిమ్మెల పరీక్ష రోజు మేస్త్రి మైసయ్య మొదటి దిమ్మె మిషనులో పెట్టి దాని పంపు కొట్టాడు. ముల్లు పది దాటింది, పదిహేను దాటింది. పందొమ్మిది దగ్గర దిమ్మె ఫట్‌మని చిట్లింది.

"సేటూ, గిదేం ఇసుక తోలినవ్?" అన్నాడు ఇంజనీరు సాబు.

అంతలో మైసయ్య తొట్టిలోంచి మిగతా రెండూ తీశాడు. రెంటికీ ఒక పక్కంతా మసి.

తట్టలు మోసే ఈదమ్మ తానే ముందుకొచ్చింది. "నేనే దొరా. వానకు నా పొయ్యి రాళ్లు కొట్టుకపోయినయ్. గివి నున్నగున్నయని నాలుగొద్దులు వండుకున్న. మల్ల నీళ్లల్లనే ఏసిన గదా!"

"సర్కారు పొయ్యి మీద బువ్వ తిన్నవా వదినే!" అన్నాడు మైసయ్య. కూలీలు నవ్వారు.

సాబు నవ్వలేదు. "సెగ తాకితే దిమ్మె లోపలే పగులుతది. గీ పరీక్ష చెల్లదు."

"దొరా, నేను తీసింది రెండే..."

"ఇగ సాలు! సాబు ముంగట ఎదురు మాట్లాడుతవా?" అని గద్దించింది నేనే.

సాబు ఆమెను పనిలోంచి తీసేశాడు. నా వైపు తిరిగి, "మొదటి స్తంభం దిమ్మెలు ముప్పై రెండు మోసినయ్. దీనికీ గదే ఇసుకనా?" అని అడిగాడు.

"గదే సాబ్." సాబు స్తంభం ఉంచమని పుస్తకంలో రాశాడు.

అందరూ పోయాక చిట్లిన దిమ్మె ముక్కలు ఒక్కొక్కటే తిప్పి చూశాను. ఏ ముక్కకూ మసి లేదు.

వంతెన తెరిచారు. నేను మాత్రం వాగులో దిగే దాటుతున్నాను. ఒక పొద్దున ఈదమ్మ కట్టెల మోపుతో ఒడ్డున ఆగింది.

"ఏం సేటూ, గంత మంచి వంతెనుండంగ నీళ్లల్ల దిగుతున్నవేంది?"

"కాళ్లకు సల్లగుంటదని."

ఆమె రెండో స్తంభం వైపు చూసింది, నా వైపు చూసింది. చీర పైకి దోపుకొని నా వెనకే నీళ్లలోకి దిగింది. మా తలల మీదుగా పిల్లాజెల్లతో నిండిన బండి ఒకటి వంతెన మీద పోతోంది.