నోంగమ్మ ఎత్తిన చెయ్యి

అమెరికాలో ఈ ఫ్రిస్కో ఊళ్లో మా కాలనీలో నన్ను మాణిక్యమ్మ అని ఎవరూ పిలవరు, సర్పంచ్ అమ్మమ్మ అంటారు. నేను చెప్పుకోబట్టే అనుకోండి. అద్దంకి దగ్గర మా ఊరికి ఐదేళ్లు సర్పంచ్‌ని మరి. ఆ సీటు ఆడవాళ్లకి ఇచ్చారు, మా ఇంటి ఆడవాళ్లలో సంతకం వచ్చింది నాకొక్కదానికే. ఇక్కడ క్లబ్‌హౌస్‌లో పొద్దున్నే చేరే ముసలాళ్లకి ఆ మాట చాలింది. నాకు కుర్చీ వేసేవాళ్లు, నేను కూర్చున్నాకే టీ ఫ్లాస్కు మూత తీసేవాళ్లు.

ఆ వైభోగమంతా నోంగమ్మ వచ్చేదాకానే.

ఆవిడది చైనా. కొడుకుది పక్క ఊరు ప్లేనోలో ఉద్యోగం, మా వెనక వీధిలోనే ఇల్లు కొన్నాడు. పేరు నోంగ్ అని మొదలై ఇంకా ఏదో ఉంది, నా నోటికి అంతే తిరిగింది. చైనావాళ్లంతా ఒకటేననుకునేదాన్ని నేను. కాదట. వీళ్లు జువాంగులట, భాష వేరు, కట్టూబొట్టూ వేరు. ఇలాంటి జాతులు అక్కడ యాభై దాటి ఉన్నాయట. వీళ్లుండే గ్వాంగ్‌షీ రాష్ట్రానికి జువాంగుల పేరు కూడా తగిలించారట. ఇదంతా మా మనవరాలు హంసిక ఫోన్ పెట్టి చెప్పించింది. ఆవిడ చైనీసులో మాట్లాడితే ఫోన్ తెలుగులో చెబుతుంది, టీవీలో వార్తలు చదివే అమ్మాయిలాగా.

వాళ్ల పండగని ఒకరోజు అన్నం తెచ్చింది. ఆకుల రసాలతో రంగులద్దిన అన్నం. నల్లది, ఊదాది, పసుపుది, ఎర్రది, మధ్యన తెల్లది. నేను తెల్లారకముందే లేచి కలిపిన పులిహోర పక్కకి జరిపి దాన్ని నడిమధ్యలో పెట్టారు మా వాళ్లు.

"ఎంత బాగుందో చూడండి వదినా!" అంది జయంతి. నాలుగేళ్లుగా నా పక్క కుర్చీలో కూర్చునే మనిషి!

"నల్లన్నం మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదమ్మా, మాడిపోయినప్పుడు" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు.

అది సరే, ఫొటో చూపించింది చూడండి, అప్పుడు నా గుండెల్లో మంట మొదలైంది. పెద్ద హాలు. మా జిల్లా మొత్తం పట్టేంత. ముందు వరసలో నోంగమ్మ, నీలిమందు రంగు బట్టలు, నెత్తిన వెండి నగలు. ఆ రాష్ట్ర సభకి ఆవిడ సభ్యురాలట! మగ్గం నేసుకునే మనిషి! నేను ఊరికి సర్పంచ్‌ని, ఆవిడ రాష్ట్రానికి సభ్యురాలు. ఆ రోజు నాకు టీ చల్లారాక ఇచ్చారు.

ఊరుకుంటానా? "సభలో ఏం మాట్లాడావో అడగవే" అన్నాను హంసికతో.

ఫోన్ చెప్పింది: "మాట్లాడలేదు. చెయ్యెత్తాను."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. మా రాష్ట్రానికి పెద్దాయన మా జువాంగువాడే. అలా ఉండాలని చట్టం. కానీ ఆయన పక్కన పార్టీ కార్యదర్శి కూర్చుంటాడు. మావాడు లేచి మాట్లాడేటప్పుడు ఆ పక్కాయన మొహం చూసి మాట్లాడేవాడు. మేము మావాడి మొహం చూసి చెయ్యెత్తేవాళ్లం."

"ఎత్తకపోతే?"

నోంగమ్మ హంసిక చేతిలో ఫోన్ తీసుకుని బోర్లా పెట్టింది. దాని మీద తన సంచీ పెట్టింది. తర్వాత నాకు రంగులన్నం ఇంకాస్త వడ్డించింది.

నాకు అర్థం కాలేదంటే అబద్ధం. మా పంచాయతీలో కుర్చీ నాది, కూర్చునేది మా బావగారు. ఆయన వేలు పెట్టిన చోట నేను సంతకం పెట్టేదాన్ని. చెరువు మట్టి ఎవరికిచ్చారో మందికి తెలిశాక నాకు తెలిసేది. అయినా నాకు జాలి కలగలేదండీ, కుళ్లే పెరిగింది. ఆవిడకి హాలన్నా ఉంది, వెండి ఉంది, ఫొటో ఉంది. నాకు వంటింటి గుమ్మంలోకి వచ్చే కాగితాలేగా!

ఇంతలో శ్రీవిద్య వచ్చింది. మా కాలనీ సంఘంలో పెద్దవాళ్ల సంగతులు చూసే పిల్ల. "ఆంటీ, మీ గ్రూపుకి ఒక లీడర్ కావాలి. క్లబ్‌హౌస్ తలుపు కార్డు వాళ్ల దగ్గరే ఉంటుంది. పేర్లు చెప్పండి, స్లిప్పుల మీద రాసి డబ్బాలో వేద్దాం" అంది.

కారు నడపడం రాని మనిషికి ఒక తలుపు తీసే కార్డు అంటే ఏమిటో మీకు తెలియదు. నాకు అది కావాలి. జయంతి నెమ్మదిగా, "నోంగమ్మ అయితే ఎక్సర్‌సైజులు కూడా నేర్పుతుంది కదా" అంది. చాలామంది తలూపారు. స్లిప్పులైతే నా పని అయిపోయినట్టే.

"స్లిప్పులెందుకమ్మాయ్, మనలో మనకి దాపరికమా? చేతులెత్తిద్దాం. ముందు నా పేరు అడుగు" అన్నాను. మా బావగారు సరిగ్గా ఇలాగే చేసేవారు. ఎదురుగా కూర్చుని చూస్తే ఎవరు కాదంటారు? పైగా నోంగమ్మకి చెయ్యెత్తడం అలవాటేగా అనుకున్నాను లోపల.

"మాణిక్యమ్మ గారు లీడర్‌గా ఉండటానికి ఎవరెవరు ఓకే?"

నేను ఒక్కొక్కరి మొహం చూశాను. చేతులు లేచాయి. జయంతిదీ లేచింది. నోంగమ్మ మాత్రం ఫోన్ వింటోంది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అంది శ్రీవిద్య, కార్డు నాకు అందిస్తూనే.

నోంగమ్మ హంసికతో ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. తలుపు వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. తర్వాత చెయ్యి లేపింది. సగం దాకా లేచి ఆగింది. మళ్లీ లేచింది, పైదాకా. తన చెయ్యి తనే తలెత్తి చూసుకుంది, ఎవరిదో అన్నట్టు.

ఏమీ జరగలేదు. శ్రీవిద్య "ఓకే, ఒకరు" అని రాసుకుంది.

అప్పుడు నవ్విందండీ నోంగమ్మ! పెళ్లిలో తలంబ్రాలు పోసేటప్పుడు కొత్త పెళ్లికూతురు నవ్వినట్టు, ఆపుకుంటూ, ఆగక. అందరూ వెళ్లి ఆవిడ చుట్టూ మూగారు, ఫొటోలు తీశారు. నేను కార్డు మెళ్లో వేసుకుని నిలబడ్డాను. నన్ను చూసినవాళ్లు లేరు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా నా కళ్లకి ఆ చెయ్యే. ఐదేళ్లలో ఒక్కరోజు, ఒక్క కాగితానికి, "ఇది కాదు బావగారూ" అన్నానా? హాలు పోతే పోయింది, వెండి పోతే పోయింది, ఆ నవ్వు నాకు లేకుండా పోయిందే!

మర్నాడు శ్రీవిద్యకి ఫోన్ చేయించాను. "అమ్మాయ్, కార్డు తీసుకో. మళ్లీ ఎలక్షన్ పెట్టు. ఈసారి నోంగమ్మ పేరు పెట్టు."

"అయ్యో ఆంటీ, అంత పెద్ద మనసా మీది!"

"మనసూ లేదు, పాడూ లేదు. నేను కాదనాలి."

"నానమ్మా, దట్స్ సో వీర్డ్" అంది హంసిక.

మళ్లీ అందరం కూర్చున్నాం. నోంగమ్మకి అందరూ చేతులెత్తారు. శ్రీవిద్య నా వైపు చూసి, "అభ్యంతరం?" అంది.

ఎత్తాను. భుజం పట్టేసి రెండేళ్లయింది, చెవి దాటి పైకి రాదు నా చెయ్యి. ఎడమచేత్తో మోచేయి పట్టుకుని మరీ లేపాను. లీడర్ కుర్చీలోంచి నోంగమ్మ నన్ను చూసి చప్పట్లు కొట్టింది. కొట్టనీ. నేను మాత్రం దించమనేదాకా దించలేదు.