విత్తిన నాటి గుడాలు

డెబ్బై రెండు కరువు పోయిన మరుసటి ఏడు మా ఆయన ఐలన్న సంగారెడ్డి నుంచి హైబ్రిడ్ జొన్న విత్తనం, ఎరువు బస్తా తెచ్చాడు. ఇస్నాపూర్ దాటాక ఉన్న మా చెలకలో సగం దానికిచ్చాడు. మిగతా సగంలో మా అత్త మొగులమ్మ తన పచ్చజొన్నే వేస్తానంది. ఆమె విత్తనం బూడిద, వేపాకు కలిపి కుండలో దాచినది. ఆమె ఎరువు గొర్రెల పెంట.

విత్తడం అయిపోయిన రోజు ఒడిలో మిగిలిన గింజలు కడిగి గుడాలు ఉడకబెట్టడం మా ఇళ్లలో ఆచారం. అత్త పాతవీ కొత్తవీ ఒకే గిన్నెలో పోసింది. కొత్త గింజకు గులాబీ రంగు పొడి పట్టించి ఉంది. ముట్టుకుంటే చేతులు కడుక్కోమని మా ఆయన పొద్దున పనికి పోతూ నాతో అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ఆ మాటే అత్తతో అన్నాను. ఇన్నేళ్లు బూడిద కడిగి తినలేదా, రంగొక లెక్కా అని నవ్వింది. ఎన్నిసార్లు వంచినా నీళ్లు గులాబీగానే వచ్చాయి.

ఆమెతో వాదించే ధైర్యం నాకు లేదు. గుడాలంటే ప్రాణమిచ్చే నా బిడ్డ బాలమణి పొయ్యి చుట్టే తిరుగుతోంది. దాన్ని పక్కింటి మల్లవ్వ పిల్లలతో ఆడుకోమని పంపేసి, నేను బావికి వెళ్లాను.

బిందె తెచ్చి పెరట్లో దించుతుంటే, కడుగునీళ్లు పారిన చోట మా నల్లకోడి రెక్కలు చాపి పడి ఉంది. ముక్కు దగ్గర గులాబీ గింజలు. ఇంకో కోడి నిలబడలేక పక్కకు ఒరుగుతోంది.

లోపలికి ఉరికి గిన్నెడు గుడాలూ పొయ్యిలో గుమ్మరించాను.

"పిచ్చి గిట్ల లేసిందా నీకు? విత్తు గుడాలు బుగ్గిల పోస్తవా?"

"కోడి సచ్చింది అత్తమ్మా. మందు గింజలవి. నువ్వు తినలె గద?"

అత్త పెరటి వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం పోయింది, ఇంకేదో వచ్చింది.

"పక్కింటికి పెట్టకుండ మనం తింటమా?" అంది మెల్లగా. "నువ్వు బాయికాడికి పోంగనే మల్లవ్వకు ఇచ్చొచ్చిన."

తడిక తోసుకుని పరుగెత్తాను. మల్లవ్వ వాకిట్లో పిల్లలంతా గిన్నె చుట్టూ కూర్చున్నారు. బాలమణి నన్ను చూసింది. నేను లాక్కుంటానని భయపడి, పిడికిట్లోవన్నీ గబగబా నోట్లో పోసుకుంది.