తొట్టి దగ్గర గాలి

భద్రం నడుముకు ఫ్యాక్టరీ వాళ్ళు ఏదో పెట్టె కట్టారని, దానిలోంచి ఒక గొట్టాన్ని మెడ దాకా పాకించారని, మనిషి గుండె ఇక సొంతంగా కొట్టుకోవడం లేదని కింది వాటాలో కుట్టుపని చేసే ఆవిడ పై వాటా ఆవిడతో అన్నదట. పై వాటా ఆవిడ ఆ మాటను ఉన్నదున్నట్టు మోసుకురాలేదు. గుండె కాదు, ఏదో దొంగతనం చేసుంటాడు, ఎటు పోతున్నాడో తెలియడానికి కట్టుంటారని తన వంతు కూడా కలిపి భద్రం భార్యకు అందించింది.

భార్య గుండె మాటకూ బెదరలేదు, దొంగతనం మాటకూ బెదరలేదు. ఆ పెట్టె సంగతి ఆమెకు ముందే తెలుసు. నెల రోజులుగా ఎదురుచూస్తున్నది దాని కోసమే.

ఆమె తమ్ముడూ భద్రమూ ఒకే తొట్టి దగ్గర పని చేస్తారు. నేలకు పరిచే టైల్స్ చేసే ఫ్యాక్టరీ అది. రాతిపొడి బస్తా మూతిని కత్తితో కోసి తొట్టిలోకి వంచాలి. వంచినప్పుడల్లా తెల్లటి పొడి లేచి ఇద్దరినీ కమ్మేస్తుంది. కాసేపు ఎవరు బావో ఎవరు బావమరిదో పోల్చుకోలేం. ఆరేళ్ళ కిందట బావమరిదిని ఆ పనిలో పెట్టించింది భద్రమే. ఇప్పుడు వాడు మెట్లెక్కుతూ సగంలో ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి నిలబడతాడు. చెప్పుకేమీ అయుండదు. ఊపిరితిత్తుల్లో పొడి పేరుకుంటోందనీ, దానికి దూరంగా ఉండకపోతే ఇక తన దగ్గర మందు లేదనీ డాక్టరు చెప్పేశాడు. వేరే పనిలోకి మార్చమంటే ఖాళీ లేదన్నారు. తొట్టి మీద లేచే పొడిని లేచినట్టే లాగేసే గొట్టాలు మాత్రం వచ్చి గోడ పక్కన పడి ఉన్నాయి. గాలిలో పొడి హద్దు దాటిందని కొలతలో తేలితే ఇక్కడ బిగిస్తారు. తేలకపోతే మాకివ్వండని ఇదే కంపెనీ రెండో ఫ్యాక్టరీ వాళ్ళు అడుగుతున్నారు.

ఆ కొలతకే ఈ పెట్టె.

గాలి కొలిచే మేడం పొద్దున్నే వచ్చి భద్రం నడుముకు పంపు కట్టి, గొట్టం కొసనున్న చిన్న డబ్బీని కాలరుకు తగిలించింది.

"మీరు పీల్చే గాలే ఇదీ పీలుస్తుంది. లోపల కాగితం ఉంది. దాని మీద ఎంత పొడి చేరిందో తూస్తాం. మీ పని మీరు చేసుకోండి, దీని జోలికి పోకండి."

ఆమె అటు వెళ్ళగానే సూపర్‌వైజర్ వచ్చాడు.

"సున్నితమైన సామానయ్యా. ఏమైనా అయిందంటే పూచీ నీదే."

భద్రం ఈ రెండో మాటనే చెవికెక్కించుకున్నాడు.

భద్రం అతని అసలు పేరు కాదు. ఎవరికి ఏ వస్తువిచ్చినా "భద్రం, భద్రం" అంటాడని పడిన పేరు. ఇంట్లో టీవీ రిమోట్‌కు కవరు, గొడుగుకు కవరు, ఆ కవరు చిరగకుండా ఇంకో కవరు.

"బాబాయ్, పెళ్ళికొడుకులా ఉన్నావు. ఊరేగింపెప్పుడు?" అన్నాడు బస్తాలు మోసేవాడు.

"పలుపు వేశారుగా, ఇంక ఎక్కడికీ పోలేడులే," అన్నాడు ఇంకొకడు.

భద్రం నవ్వలేదు. మూడో బస్తా వంచేసరికే డబ్బీ మూతి తెల్లబడింది. అతని ప్రాణం విలవిల్లాడింది. రొట్టె చుట్టి తెచ్చుకున్న ప్లాస్టిక్ కవరు దులిపి, డబ్బీకి తొడిగి, దారంతో కట్టాడు. పంపు కీచుమంది. ఊపిరాడటం లేదేమో పాపం అనుకుని దారం కాస్త వదులు చేశాడు. కీచు ఆగింది.

"ఏంటి బావా అది?"

"మాసిపోతోందిరా."

బావమరిది ఇంకేదో అడగబోయాడు. దగ్గు తెర వచ్చి అటు తిరిగిపోయాడు.

మధ్యాహ్నం భోజనాల గదిలో భద్రం కవరు తీసి పక్కన పెట్టాడు. మేడం అప్పుడే వచ్చి, పంపు నడుస్తోందని చూసి రాసుకుని వెళ్ళింది. తినడం అయ్యాక మళ్ళీ తొడిగాడు. పని దిగే ముందు కవరు తీసేసి, డబ్బీని పొడిగుడ్డతో తుడిచి, కూతుర్ని అత్తారింటికి అప్పగించినట్టు రెండు చేతులా మేడంకు అప్పగించాడు.

మూడు వారాలకు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. పొడి హద్దులో సగం కూడా లేదు. మర్నాడే గొట్టాలను లారీకెత్తారు. మనుషులు చాలక బావమరిదిని కూడా పిలిచారు. వాడు వెళ్ళి ఒక కొస పట్టుకున్నాడు.

ఆ పూట అన్నం దగ్గర భార్య అడిగింది.

"అంత పొడి ఎటు పోయిందండీ? మీ చొక్కా ఉతికితే బకెట్ అడుగున గచ్చు కడుతోంది."

"ఏమో మరి. నేనైతే మిషన్‌ను ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిచ్చాను. ఒక్క మచ్చ పడనిచ్చానా? కవరు తొడిగి మరీ..."

"దేనికి తొడిగారు?"

చెప్పాడు. చెబుతూ చెబుతూ ఉండగానే అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

ఆమె తిట్టలేదు. కూర గిన్నె మీద మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"రేపు ముగ్గురం వెళ్దాం," అంది.

సూపర్‌వైజర్ గదిలో భద్రం నిలబడే అంతా చెప్పాడు. సూపర్‌వైజర్ అడ్డు రాకుండా విన్నాడు. నుదురు రుద్దుకున్నాడు.

"నిన్ను నమ్ముతానయ్యా. నేను నమ్మి ఏం లాభం? పైవాళ్ళు కాగితం చూస్తారు. కాగితంలో గాలి బాగుంది. గొట్టాలు ఈపాటికి రెండో ఫ్యాక్టరీలో బిగిస్తూ ఉంటారు కూడా."

"మళ్ళీ కొలవమనండి సార్," అంది భార్య.

"ఏడాదికోసారేనమ్మా."

"కవరు వేశానని ఈయన రాసిస్తారు. రాయించుకోండి."

"రాసిస్తే ఈయన ఉద్యోగం తీసేస్తారు. కొలత మాత్రం మళ్ళీ ఏడాదికే."

"తీసేయండి సార్," అన్నాడు భద్రం. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టూ అనలేదు. టైము ఎంతయిందో చెప్పినట్టు చెప్పాడు.

సూపర్‌వైజర్ కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు. తర్వాత ఏదో ఒక మంచిమాట అనాలి కాబట్టి బావమరిది వైపు తిరిగాడు.

"ఒక పని చేద్దాం అబ్బాయ్. వచ్చే ఏడాది ఆ పెట్టె మీ బావకొద్దు, నీకే కడదాం. సరేనా?"

బావమరిది కుర్చీ వీపు పట్టుకుని, ఊపిరి అందేదాకా ఆగాడు.

"వచ్చే ఏడాదికి నేనుండను సార్. ఇంకెవరికైనా కట్టుకోండి."