పెద్దాయన కుట్టు

పెద్దాయన కార్యాలయం నుంచి ముప్పై ఒక్క వేల ఈమెయిళ్ళు బయటపడ్డాయి. వాటిలో పదకొండు టేపక్క రాసినవి.

టేపక్క దర్జీ. మెడలో కొలత టేపుతోనే బస్సెక్కుతుంది, పెళ్ళిళ్ళకు వెళ్తుంది, ఒకసారి అలాగే వెళ్ళి ఓటు కూడా వేసి వచ్చింది. ఆ పేరు అలా వచ్చింది. మూడంతస్తుల భవనంలో కింది గది ఆమె షాపు. రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, నిలువుటద్దం, కొలతలిచ్చే మూలకు ఒక తెర. ఇరవై రెండేళ్ళుగా అక్కడ మగవాళ్ళ చొక్కాలు కుడుతోంది. ప్యాంటు తెస్తే పక్క వీధి చూపిస్తుంది.

పార్టీ అధినేత పెద్దాయనకు ఆరేళ్ళుగా ఆమే కుడుతోంది. ఆయన ఎడమ భుజం కుడి భుజం కన్నా అరంగుళం దిగి ఉంటుంది. ఫొటోల్లో అది కనబడకూడదు. టేపక్క ఆ భుజం లోపల అరంగుళం మందాన దూది పెట్టి కుడుతుంది. మాటలన్నీ ఆయన సెక్రటరీతోనే. సెక్రటరీకి ఫోనంటే భయం, ఎవరో వింటుంటారని. "అన్నీ మెయిల్లో రాయండమ్మా, అదే భద్రం" అని ఆయనే చెప్పాడు. టేపక్క రాసింది.

"మెడ కోశాను. చేతులు రేపు."

"పాతది విప్పేశాను. ఆనవాలు కూడా లేదు."

"ఎడమ వైపు లోపల పెట్టాను. ఎవరికీ తెలియదు."

పదకొండోది ఒక గురువారం వెళ్ళింది. "పెద్దాయన కుట్ర పూర్తయింది. శనివారం పొద్దున మనిషిని పంపండి."

ఆ శనివారం పొద్దున్నే ఎదుటి పార్టీ ఉపాధ్యక్షుడు ఇంటి మెట్ల మీద జారి, మెడ పట్టేసి ఆస్పత్రిలో చేరాడు.

ఊళ్ళో జనం చూసే వార్తా ఛానెళ్ళు రెండు. గుండ్రటి మైకుది పెద్దాయన వైపు. చదరపు మైకుది ఎదుటి వైపు. చదరపు మైకు ఆ పదకొండు మెయిళ్ళనూ తెర నిండా వేసి, దర్జీ అన్నది మారుపేరని చెప్పింది. రిటైరైన పోలీసు అధికారి ఒకాయన స్టూడియోలో కూర్చుని, చేతులంటే అనుచరులనీ, మెడంటే మెడేననీ వివరించాడు. గుండ్రటి మైకు మెయిళ్ళన్నీ దొంగవని చెప్పింది. ఎదుటి పార్టీవాళ్ళు కూర్చుని అల్లారని, అలాంటి దర్జీ భూమ్మీదే లేదని తేల్చింది. ఆ రెండు ఛానెళ్ళూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి. టేపక్క దర్జీ కాదు.

టేపక్క మరిది చదరపు మైకు మనిషి. పెళ్ళి చేసుకోలేదు, అన్నావదినల దగ్గరే ఉంటాడు. అన్నకు రైళ్ళ మీద ఉద్యోగం, వారానికి రెండు రోజులు ఇంటికి వస్తాడు. మిగతా అయిదు రోజులూ భోజనాల దగ్గర వదినా మరుదులే.

"వదినా, ఒక్క మాట. ఒట్టేసి చెప్పు."

"కంచం ముందు ఒట్లేంటి మరిదిగారూ. తినండి."

"ఎడమ వైపు లోపల ఏం పెట్టావు?"

"దూది."

"దూదికి మెయిలెందుకు?"

"ఆయన రాయమన్నాడు కాబట్టి."

"అదే నేనూ అడిగేది. ఎందుకు రాయమన్నాడు?"

"ఇన్నేళ్ళూ నేను కుట్టిన చొక్కాలే కదా మీరు తొడుక్కుంటున్నది? నేను దర్జీనో కాదో మీకు తెలీదా?"

మరిది తన చొక్కా వంక చూసుకున్నాడు. "పైకి దర్జీలా కనబడాలంటే నాలుగు చొక్కాలు కుట్టాలి కదా మరి" అన్నాడు.

సోమవారం భవనం ఓనరు దిగివచ్చాడు. పై అంతస్తులో ఉంటాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"అమ్మా, నాకు అటూ వద్దు, ఇటూ వద్దు. నేను బీపీ మనిషిని. గది ఖాళీ చేయండి."

"ఓనరుగారూ, మీ ఒంటి మీదున్న చొక్కా ఎవరు కుట్టారు?"

"కుట్టింది మీరే. కాదన్నానా? కానీ టీవీలో అలా చెప్పట్లేదు కదా."

"టీవీలో చెబితే సరేనా?"

ఓనరు ఆలోచించాడు. "శనివారం సాయంత్రం లోపు ఏదో ఒక ఛానెల్ మీరు దర్జీ అని ఒక్క ముక్క చెప్పనివ్వండి. మీ షాపు మీకే ఉంటుంది. లేదంటే ఆదివారం మిషన్లు ఎత్తేయాలి."

"ఏ ఛానెలైనా పర్లేదా?"

"ఏదైనా సరే. నేను రెండూ చూస్తాను. అదీ ఇదీ కొట్టుకుపోతాయి, మనసు ప్రశాంతంగా ఉంటుంది."

టేపక్క రెండు ఛానెళ్ళకూ ఫోన్ చేసింది. మంగళవారం పొద్దున చదరపు మైకు అమ్మాయి వచ్చింది, వెంట కెమెరా.

"ఆంటీ, మీరు దర్జీ అని చెప్పమని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేంటమ్మా, కుడుతున్నా కనబడట్లేదా?"

"అంటే, ఎవరూ చెప్పలేదని చెప్పమన్నారా?"

టేపక్క మిషన్ ముందు కూర్చుని ఒక కాలరు కుట్టి చూపించింది. కెమెరా కాలరును వదిలేసి కత్తెర దగ్గర ఆగింది. మధ్యాహ్నం బులెటిన్‌లో ఆ కత్తెర చుట్టూ ఎర్రటి వలయం గీశారు.

సాయంత్రం గుండ్రటి మైకు అతను వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచాడు.

"మేడమ్, మీరు కాస్త పక్కకి జరుగుతారా?"

"ఎందుకండీ?"

"మీరు లేరని చెప్పాలి."

టేపక్క తెర వెనక్కి వెళ్ళి నిలబడింది. అతను మిషన్ ముందు నిలబడి, మెయిళ్ళలో చెప్పిన చిరునామాలో ఎవరూ లేరని ప్రేక్షకులకు చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు, మొదటిసారి లోపల దగ్గు వినిపించిందని. కెమెరా ఆపాక తెర పక్కకు తొలగించి, "మేడమ్, ఈ బొత్తాం వేలాడుతోంది, కాస్త చూస్తారా" అన్నాడు. టేపక్క బొత్తాం కుట్టి పంపింది.

బుధవారం ఆమె పని పక్కన పెట్టి పదకొండో మెయిలు తీసి చూసింది. మిగతా పదింటికీ ఆమె దగ్గర జవాబు ఉంది. మెడంటే చొక్కా మెడ, చేతులంటే చొక్కా చేతులు. కానీ ఇందులో ఉన్న మాట కుట్రే. తాను రాసింది కుట్టు. కుట్టు అన్న మాట రాయడంలో పొరపాటు పడటానికి తాను దర్జీ కాకుండా పోవాలి. ఆ మాట ఆమెకే అనుమానం పుట్టించింది.

ఫోన్‌లో మళ్ళీ రాసి చూసింది. క నొక్కింది. కొమ్ము పెట్టింది. ట నొక్కి పొల్లు పెట్టింది. మాట పూర్తి కాకముందే ఫోన్ తానే ఒక మాట అందించింది, "కుట్ర" అని. అలవాటుగా వేలు దాని మీద పడింది. మాట పడిపోయింది. ఇంకోసారి రాసింది. మళ్ళీ కుట్రే.

ఆమె కూరగాయల మనిషికి మెసేజ్ పెట్టడానికీ, సెక్రటరీకి మెయిలు రాయడానికీ తప్ప ఆ ఫోన్ ముట్టుకోదు. మధ్యాహ్నాలు అది మరిది దగ్గర ఉంటుంది. అతని ఫోన్ తెర చిన్నది. వదిన ఫోన్‌లో చదరపు మైకు వీడియోలు చూసి, ప్రతి దాని కిందా అభిప్రాయం రాస్తాడు. మూడేళ్ళుగా రాస్తున్నాడు. ఇది కుట్ర. పెద్ద కుట్ర. కుట్ర కాక మరేంటి.

మరిదిని పిలిచి కూర్చోబెట్టి, అతని కళ్ళ ముందే రాసి చూపించింది.

"ఈ మాట నా ఫోన్‌కి ఎవరు నేర్పారు మరిదిగారూ?"

మరిది కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తానే రాసి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "అంటే వదినా, నీ ఫోన్ కూడా వాళ్ళ చేతిలోనే ఉందన్నమాట" అన్నాడు.

"వాళ్ళ చేతిలో కాదు మరిదిగారూ, మీ చేతిలో ఉంది."

"అదే నేననేది. నాకు తెలీకుండా నా చేతే రాయించారు."

టేపక్క ఫోన్ తీసుకుని చదరపు మైకు అమ్మాయి దగ్గరకు వెళ్ళింది. ఛానెల్ ఆఫీసు వరండాలో నిలబడి అదే చూపించింది. ఆ అమ్మాయి మూడుసార్లు రాయించి చూసింది.

"ఆంటీ, నాకు అర్థమైంది. మీరు దర్జీయే."

"ఆ ముక్క చెప్పు తల్లీ టీవీలో. నా షాపు నిలబడుతుంది."

"చెప్పాలనే ఉంది ఆంటీ. మీ షాపు నుంచి వెళ్ళాక మా డెస్క్‌తో అన్నా కూడా. ఈ వార్తలోంచి కుట్ర తీసేస్తే మిగిలేది చొక్కాయే. గంటసేపు చొక్కా ఎలా చూపిస్తాం అన్నారు."

శనివారం వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకు షాపు ముందు కారు ఆగింది. సెక్రటరీ దిగాడు. ఆరేళ్ళలో ఆయన షాపుకు రావడం అదే మొదలు. చేతిలో ఒక కాగితం, ఒక సంచి.

కాగితం ముందు ఇచ్చాడు. టైపు చేసి ఉంది. "నేను ఆయనకు ఎన్నడూ బట్టలు కుట్టి ఎరుగను." కింద సంతకానికి గీత.

"ఇది పెట్టండమ్మా. అయిదింటికి ప్రెస్ మీట్. పెద్దాయన ఇది చదివి వినిపిస్తారు. మీ ఓనరుతో నేను మాట్లాడతాను. ఈ షాపు జోలికి ఎవరూ రారు."

టేపక్క రెండుసార్లు చదివింది. ఓనరు గడువుకు ఇంకా నాలుగు గంటలు ఉంది. ఏ ఛానెలూ ఏ ముక్కా చెప్పలేదు. పెన్ను తీసుకుంది.

అప్పుడు సెక్రటరీ సంచిలోంచి కొత్త చొక్కా తీసి బల్ల మీద పరిచాడు. "అలాగే, ఈ భుజం కూడా కాస్త చూడండి."

"ఎవరు కుట్టారిది?"

"రెడీమేడ్. తొడిగి చూశాం. వాలిపోతోంది."

"నేను కుట్టినవి ఉన్నాయి కదా?"

"అవన్నీ దాచేశాం. దొంగ మెయిళ్ళలో చెప్పిన దూది నిజం చొక్కాలో దొరికితే ఎలా చెప్పండి?"

"మరి దీన్ని ఏం చేయమంటారు?"

"దూది వద్దు. భుజం మాత్రం సమంగా రావాలి."

"అలాగైతే మార్చాల్సింది చొక్కాని కాదు సార్."

సెక్రటరీ నవ్వలేదు. "సరే, దూదే పెట్టండి. ముందు సంతకం పెట్టండి" అన్నాడు.

టేపక్క పెన్ను కింద పెట్టింది. "పాత చొక్కాలు మీరు దాచేశారు, అవి లేవనే అనుకుందాం. ఇప్పుడు కుట్టలేదని రాసిచ్చి కుడితే నేను రాసింది అబద్ధమవుతుంది. కుట్టి, కుట్టలేదని రాసిస్తే రాస్తున్నప్పుడే అబద్ధం. రెండూ నా వల్ల కాదు. సంతకం కావాలంటే చొక్కా తీసుకెళ్ళండి. చొక్కా కావాలంటే కాగితం తీసుకెళ్ళండి. మీరే చెప్పండి."

"షాపు పోతుందమ్మా."

"తెలుసు సార్."

సెక్రటరీ బయటికి వెళ్ళాడు. ఫోనంటే భయపడే మనిషి కారు పక్కన నిలబడి ఫోన్ చేశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అయిదు నిమిషాలు మాట్లాడి లోపలికి వచ్చాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కుట్టండి."

టేపక్క కొలతల పుస్తకం తెరిచి రాసింది. పెద్దాయన చొక్కా, ఎడమ భుజం లోపల అరంగుళం దూది. తేదీ వేసి పుస్తకం ఆయన వైపు తిప్పింది. "ఇక్కడ సంతకం చేయండి."

"ఇదేంటి?"

"బట్ట ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టాలి. తర్వాత మేం ఇలా చెప్పలేదంటారు. మా షాపులో అందరూ పెడతారు. మీతో అన్నీ మెయిల్లోనే నడిచాయి కాబట్టి ఇన్నాళ్ళూ అవసరం రాలేదు."

సెక్రటరీ గోడ గడియారం చూశాడు. మూడుకు పది తక్కువ. సంతకం పెట్టాడు.

నలభై నిమిషాల్లో చొక్కా అయింది. అయిదింటికి పెద్దాయన రెండు ఛానెళ్ళలోనూ కనబడ్డాడు. ఆ మెయిళ్ళు దొంగవని, తనకు దర్జీ అంటూ ఎవరూ లేరని చెప్పాడు. టేపక్క మాటలు వినలేదు, భుజాలు చూసింది. సమంగా ఉన్నాయి. గుండ్రటి మైకు "నిటారుగా నిలబడి జవాబిచ్చిన పెద్దాయన" అని తెర మీద రాసింది. చదరపు మైకు ఎడమ భుజాన్ని పెద్దది చేసి చూపించి, లోపల ఏముందని అడిగింది.

ఆరింటికి ఓనరు దిగివచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు.

"ఏ ఛానెలూ చెప్పలేదండీ" అంది టేపక్క. "కానీ ఇది చూడండి." పుస్తకం తీసి చూపించింది.

ఓనరు చదివాడు. సంతకం మీద వేలు పెట్టి మళ్ళీ చదివాడు.

"మధ్యాహ్నం ఆ కారు ఆయనదేనా?"

"చొక్కా కోసం వచ్చారు."

"అవునవును, చొక్కా కోసమే" అన్నాడు ఓనరు. రెండడుగులు వెనక్కి వేశాడు. "గది ఖాళీ చేయక్కర్లేదమ్మా. మీకు ఇష్టమైనన్నాళ్ళు ఉండండి. పైన కూడా ఒక గది ఉంది, కావాలంటే."

"ఓనరుగారూ, నేను దర్జీనని నమ్మారా?"

"నమ్మాను. ఎవరడిగినా అదే చెప్తాను."

"నేను అడిగింది అది కాదు."

"మీరు దర్జీయేనమ్మా" అన్నాడు, చుట్టూ చూసి. వెళ్ళబోయి ఆగాడు. "ఈ పుస్తకంలో నా మెడ కొలత కూడా ఉంటుంది కదా?"

"ఉంటుంది."

"అది కొట్టేయడానికి వీలవుతుందా?"

టేపక్క మెడలోంచి టేపు తీసింది. "కొట్టేస్తే, ఈసారి మళ్ళీ కొలవాల్సి వస్తుంది."

ఓనరు మెడ తడుముకున్నాడు. "వద్దులెండి. ఉండనివ్వండి" అని, మెట్లు జాగ్రత్తగా చూసుకుంటూ ఎక్కాడు.