మూడు నిమిషాల ఇరవై సెకన్లు

ఆదివారం ఉదయం 9.40కి ఇద్దరు మనుషులు నటేశన్ నగర్‌లో చెంగమ్మ ఇంటి తలుపు కొట్టారు. ఒకడు ఫోన్‌లో ఆమె మొహం చూపించి, "ఇది నువ్వేనా అవ్వా?" అని అడిగాడు. అవునంది. రెండోవాడు ఇంటి నంబరు ఫోటో తీసుకున్నాడు. ఇద్దరూ బైకెక్కి వెళ్లిపోయారు.

ఫోన్‌లో ఉన్నది బి. పురుషోత్తమన్ తీసిన మొదటి సినిమా ట్రైలరు. మొదటి ఆట ఆ సాయంత్రమే.

పురుషోత్తమన్‌కి అరవై ఒకటి. తండ్రి నూలు మిల్లు కార్మికుడు. ముప్పై నాలుగేళ్లలో ఇరవై రెండు నాటకాలు రాశాడు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాశాడు, చదివింది తమిళ బడిలో, తెలుగు అక్షరాలు రావు గనక తమిళ అక్షరాల్లో. మిల్లు వీధుల్లో ఆడించాడు. నటులు కార్మికులే. ప్రతివాళ్లూ ముందుకొచ్చి ఇనీషియల్‌తో సహా పేరు, వీధి చెప్పి, తర్వాత తాము చూసింది చెప్పాలి. అది ఆయన పద్ధతి. చూసేవాళ్లూ ఆ వీధివాళ్లే. ఎప్పుడైనా బెదిరింపు వస్తే మర్నాడు ఆ భాగం ఆడేవాళ్లు కాదు.

సినిమాలోనూ అలాగే చెప్పించాడు. ట్రైలరులోనూ అదే పెట్టాడు.

చెంగమ్మ చెప్పింది ఇది: మిల్లులో మంటలు లేచిన రోజు వెనక గేటుకు బయటినుంచి తాళం వేసి ఉంది. వేయించింది మేనేజరు. లోపల నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. ఆ మేనేజరు ఇప్పుడు ఊళ్లో అపార్ట్‌మెంట్లు కడుతున్నాడు.

పదకొండింటికి చెంగమ్మ పురుషోత్తమన్‌కి ఫోన్ చేసి వచ్చినవాళ్ల సంగతి చెప్పింది.

"మళ్లా వస్తారక్కా. నీ సీను తీసేస్తా."

"ఏంది తీసేది? సినిమాలో పడినాననే నా కోడలు మూడు దినాలుగా అడక్కుండా కాపీ కలిపి ఇస్తా ఉంది. దాన్నీ తీసేస్తావా?"

"నవ్వొద్దక్కా. నాకు బయంగా ఉండాది."

"నాకు మాత్రం లేదా? గడియ పెట్టుకొని కూచోనుండా తంబీ."

"ఈ పొద్దు యాడికీ పోవద్దు. ఆటకీ రావద్దు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఒంటిగంటకు పురుషోత్తమన్ లాస్‌పేటలో ఎడిటర్ ఇలక్కియ దగ్గరికి వెళ్లాడు.

"ట్రైలరు ఊరందరి ఫోన్లలో ఉంది సార్. ఇక్కడ తీస్తే అక్కడ పోదు," అంది ఇలక్కియ.

"తెలుసమ్మా. తీసెయ్."

మూడు నిమిషాల ఇరవై సెకన్లు తీసేసింది.

ఆట 6.30కి మొదలైంది. 6.50కి చెంగమ్మ చీకట్లో వచ్చి మూడో వరుసలో కూర్చుంది. వెనక వరుసలో ఇద్దరు హెల్మెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

7.41కి తెర మీద మిల్లు గేటు కనిపించింది. తర్వాత రావలసింది చెంగమ్మ. వేరే సీను వచ్చింది.

చెంగమ్మ లేచి నిలబడింది.

"నా పేరు ఎం. చెంగమ్మ. నటేశన్ నగర్, రెండో వీధి."

పురుషోత్తమన్ పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "కూచో అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆమె కూర్చోలేదు. ప్రొజెక్టరు దగ్గరున్న ఇలక్కియ సినిమా ఆపింది. వెనక వరుసలో ఇద్దరూ ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. చెంగమ్మ గేటు, తాళం, మేనేజరు పేరు, చనిపోయిన నలుగురి పేర్లు అన్నీ చెప్పింది. 7.45కి లైట్లు వేశారు. వెనక వరుసలో రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి.

చెంగమ్మ ఇంట్లో ఉన్న కోడలికి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది.

8.20కి ఆమె, పురుషోత్తమన్ నటేశన్ నగర్ రెండో వీధిలో ఆటో దిగారు. ఇంటి ముందు బైకు ఆపి ఉంది. సీటు మీద రెండు హెల్మెట్లు ఉన్నాయి. ఇంటి తలుపు తీసి ఉంది.