ఆ మణికట్టు విరిగింది నా వల్ల కాదు

నేను ఒక ఉక్కు కడ్డీని. బరువు పదిహేను కిలోలు. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఆడవాళ్ళు ఎత్తే రాడ్‌ని. పంజాబులో ఒక కార్ఖానాలో నన్ను ఎర్రగా కాల్చి, సాగదీసి, అరచేతులు జారకుండా ఒంటి నిండా గరుకు గీతలు కోశారు. అక్కణ్ణించి లారీలో విజయనగరం దగ్గర ఒక డిగ్రీ కాలేజీకి వచ్చాను. ఎత్తేముందు మనుషులు నాకు దండం పెడతారు. ఎత్తలేకపోతే తిడతారు. రెండింటికీ నేను చేసిందేమీ ఉండదు.

నన్ను బాగా ఎరిగిన చేతులు దమయంతివి. పంతొమ్మిదేళ్ళ పిల్ల, డిగ్రీ రెండో ఏడు చదివేది. తల్లి జనపనార మిల్లులో పనిచేసేది. నలభై తొమ్మిది కిలోల మనిషి ఎనభై రెండు కిలోలు తలపైకి లేపి, కిందికి వదిలాక నా వైపు చూసి నవ్వేది.

అదే హాల్లో జోగినాయుడు అని ఒకడుండేవాడు. ఆలిండియా అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో బంగారు పతకం తెచ్చినవాడు. కాలేజీ గేటు మీద ఫ్లెక్సీలో ప్రిన్సిపాల్ కంటే వాడి బొమ్మే పెద్దది. ఫిజికల్ డైరెక్టర్ సత్యారావు వాణ్ణి కన్నకొడుకులా చూసుకునేవాడు. ఆయనకు రావలసిన ప్రమోషన్ వాడి మీదే ఆధారపడి ఉంది మరి.

ఫిబ్రవరిలో ఒక బుధవారం మధ్యాహ్నం ప్రాక్టీసు ముగిసి అందరూ భోజనానికి వెళ్ళారు. దమయంతి ఒక్కతే నా చివర్ల నుంచి గుండ్రటి బరువుల ప్లేట్లు తీస్తోంది. జోగినాయుడు లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాడు.

ఆ తరువాత జరిగిందంతా నేను చూశాను. అంతా చెప్పను. దమయంతి కోర్టులో ఒకసారి చెప్పుకోవలసి వచ్చింది, అది చాలు. ఆమె తల ప్లేట్ల స్టాండు అంచుకు కొట్టుకుంది. వాడి చెయ్యి ఆమె పీకను వదలలేదు. ఆమె పాకుతూ వచ్చి ఎడమచేత్తో నన్ను పట్టుకుంది. పెనుగులాటలో నేను వాడి మోకాలికి తగిలాను. వాడు బూతులు తిడుతూ ఆమె మణికట్టును మెలితిప్పాడు. ఎముక విరిగిన చప్పుడు నా ఒంటిలోకి పాకింది. అయినా చాలాసేపు ఆమె వేళ్ళు నన్ను వదల్లేదు.

సాయంత్రం చేతికి కట్టుతో ఆమె సత్యారావు గదికి వెళ్ళింది. ఆ గది హాలును ఆనుకునే ఉంది. ఆమె ఏడవకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన కాసేపు బల్ల మీద పెన్నుతో కొట్టాడు.

"ఒలే గుంటా, తొమ్మిది రోజుల్లో నేషనల్ మీట్ ఉంది. ఆడు గోల్డ్ తేనీ. తరవాత నానే అడుగుతాను. నీకు మాటిస్తన్నాను."

"మరి నా చెయ్యో సార్?"

"రాడ్ జారిపడింది. అలగే రాస్తన్నాను. మీట్ అయినంతవరకూ నువ్వు హాలుకి రాకు. నీ మంచికే చెప్తన్నాను."

రిజిస్టర్లో రాశాడు కూడా: 'అజాగ్రత్త వల్ల రాడ్ జారి ఎడమ మణికట్టుకు దెబ్బ.' ఆ విధంగా నేను నేరస్థుణ్ణయ్యాను. దెబ్బ తిన్న పిల్ల హాలు బయట ఉండిపోయింది. కొట్టినవాడు లోపల అద్దం ముందు కండలు చూసుకుంటూ ప్రాక్టీసు చేశాడు.

మూడో రోజు ఎస్తేరు మేడమ్ వచ్చింది. అమ్మాయిల కోచ్. ఒకప్పుడు తానూ లిఫ్టరే. కాంట్రాక్టు ఉద్యోగం, ఎప్పుడు పొమ్మన్నా పోవలసిందే. వేరే ఊళ్ళో కోచ్‌ల శిక్షణ శిబిరం నుంచి తిరిగొచ్చి రిజిస్టరు చదివింది, హాస్టల్‌కి వెళ్ళి దమయంతిని చూసింది. వెనక్కొచ్చి సత్యారావు ముందు నిలబడింది.

"రాడ్ పడితే మణికట్టు విరగొచ్చు సార్. పీక మీద అయిదు వేళ్ళ అచ్చు పడదు."

"నీకేటి తెల్దు. ఊరుకో."

ఆమె ఊరుకోలేదు. ముందు దమయంతినే అడిగిందట, "ఏటి చెయ్యమంటావమ్మా?" అని. ఆ పిల్ల రాత్రంతా ఆలోచించి, "కేసు పెడతాను మేడమ్. మీరు పక్కన కూకోండి చాలు" అందట. ఎస్తేరు ఆమెను ప్రభుత్వ ఆసుపత్రికి, తల్లిని వెంటబెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళింది. తరువాత ప్రిన్సిపాల్‌ని హాలుకే పిలుచుకొచ్చింది.

"విచారణ తేలినంతవరకూ వాణ్ణి టీమ్‌లోంచి తియ్యండి. విచారణ బయటవాళ్ళ చేత చేయించండి, సత్యారావుగారి చేత కాదు. ఆ పిల్లని మళ్ళీ హాలుకి రానివ్వండి."

"మీట్ ముందా? కాలేజీ పరువేం కావాలమ్మా?"

"దాచితే మిగుల్తాదా సార్?"

ఆయన చెమట తుడుచుకుని, ఆలోచిస్తానంటూ వెళ్ళిపోయాడు. ఎస్తేరు ఎదురుచూడలేదు. కేసు కాగితాలు తానే యూనివర్సిటీకి పంపింది. రెండో రోజుకి జోగినాయుడిని జట్టు నుంచి తీసేశారు. ఆ మధ్యాహ్నమే పోలీసులు వాణ్ణి పట్టుకెళ్ళారు.

సాయంత్రం ఎస్తేరు హాల్లో ఉండగా జోగినాయుడి జట్టు లిఫ్టర్లు ఆరుగురు దూసుకొచ్చారు. అద్దాలు పగలగొట్టారు. ఇరవై కిలోల ప్లేటు ఒకటి ఎస్తేరు మోకాలికి తగిలి ఆమె కూలబడింది.

"మా గోల్డ్ పోగొట్టీసినావు కదే!" అంటూ ఒకడు నన్ను రెండు చేతులా ఎత్తి విసిరికొట్టాడు. ఆమె తల కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టింది. మోచేతి కింద రెండెముకలూ విరిగాయి. అరచేతులు జారకూడదని కోసిన నా గీతల్లో నెత్తురు నిండింది. ఈసారి నిజంగా నా వల్లే ఎముకలు విరిగాయి. ఇది మాత్రం కాలేజీ రిజిస్టర్లో ఎవరూ రాయలేదు.

వాడు నన్ను మళ్ళీ ఎత్తబోయేలోగా హాస్టల్ అమ్మాయిలు ముప్పై మందిదాకా అరుస్తూ వచ్చిపడ్డారు. అంత బలమున్న కుర్రాళ్ళు కిటికీల్లోంచి దూకి పారిపోయారు. పోలీసులు నన్ను గుడ్డలో చుట్టి, మెడకో చీటీ కట్టి తీసుకెళ్ళారు.

రెండేళ్ళకు రెండు కేసులూ విచారణకు వచ్చాయి. తలుపులు మూసిన కోర్టు హాల్లో నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. జోగినాయుడి వకీలు దమయంతిని అడిగాడు: "ఎనభై రెండు కిలోలు ఎత్తేదానివి కదా, ఒక్క మనిషిని తోసెయ్యలేకపోయావా?"

ఆమె నా వైపు చూపించింది.

"ఇనుము ఎత్తితే లేస్తాదండి, వదిలేస్తే పడతాది. అది నా పీక నొక్కలేదు. నన్ను సంపేస్తానని అన్లేదు. ఆడు అన్నాడు."

వకీలు కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

జోగినాయుడికి పన్నెండేళ్ళు శిక్ష పడింది. ఎస్తేరును కొట్టిన వాళ్ళలో నలుగురికి జైలు. తప్పుడు రాత రాసినందుకు సత్యారావు ఉద్యోగం పోయింది. ప్రిన్సిపాల్‌ని మాత్రం దండ వేసి వేరే ఊరికి బదిలీ చేశారు.

తీర్పు చెప్పిన రోజు కానిస్టేబులు నన్ను భుజాన వేసుకుని సామాన్ల గదికి తీసుకెళ్తుంటే వరండాలో దమయంతి ఎదురొచ్చింది. పక్కన ఎస్తేరు కుంటుతూ నడుస్తోంది.

"ఒక్కసారి పట్టుకోవచ్చా అండి?" అంది దమయంతి. కానిస్టేబులు నన్ను నేల మీద పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆమె గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ నా మీద వేసి లేచింది. మోకాళ్ళ ఎత్తు దాటాక ఎడమ మణికట్టు బరువు పట్టనని మొరాయించింది. నేను ఒక పక్కకు ఒరిగాను. ఎస్తేరు చెయ్యి ముందుకొచ్చి ఆగిపోయింది. దమయంతి పళ్ళు బిగబట్టి, చప్పుడు కాకుండా నన్ను నేలమీద దించింది.

"ఇంతే వస్తాది మేడమ్."

"సరేలే."

దమయంతి అరచేతులు చున్నీకి తుడుచుకుంది. "పదండి, ఏదేనా తిందారి. పొద్దున్నించీ ఏటీ తిన్లేదు. ఆకలి దంచీస్తంది."

ఇద్దరూ మెట్లు దిగిపోయారు. కానిస్టేబులు నన్ను మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.